వారం వారం సమావేశం, వారం వారం అతిథి ప్రసంగం: సేవా క్లబ్బుకు రెండూ అవసరమా?

కొత్త కార్యదర్శి

జూలై 1తో మా రోటరీ క్లబ్బుకు కొత్త సంవత్సరం మొదలవుతుంది. కార్యదర్శి బాధ్యత నా మీద పడుతుంది. ఈలోగా బోర్డు ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ప్రతి వారం జరిగే సమావేశాన్ని నెలకు రెండుసార్లకు తగ్గించాలట. అతిథి వక్తను కూడా నెలకు ఒక్కసారే పిలవాలట. నియమం అడ్డు రాదు. రోటరీ శాసన మండలి (ప్రపంచమంతటి రోటరీ క్లబ్బుల నియమాలు మార్చే సభ) 2016లో ఈ వెసులుబాటు ఇచ్చింది. నెలకు కనీసం రెండుసార్లు కలవాలి, ఎదురెదురుగా కలుస్తారో ఆన్‌లైన్‌లో కలుస్తారో క్లబ్బు ఇష్టం.

బోర్డులో సగం మంది ఈ మాట ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నారు. మిగతా సగం మంది క్లబ్బుకు తాళం వేసినట్టే అంటున్నారు.

ఇప్పుడు జరుగుతున్నది చెబుతాను. సమావేశం గంటన్నర. అధ్యక్షుడు గంట కొడతారు. ప్రకటనలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, అతిథి పరిచయం (అతిథి చదువుకున్న బడి నుంచి మొదలవుతుంది), ప్రసంగం, వందన సమర్పణ, జ్ఞాపిక, ఫొటో. ప్రశ్నలకు సమయం ఉండదు. ఫొటో దిగేసరికి వెనక వరుస ఖాళీ అయిపోతుంది. ఈ మధ్య వచ్చిన వక్తల్లో ఒకరు బీమా పాలసీలు అమ్ముకోవడానికే వచ్చారని రెండో నిమిషంలోనే అందరికీ అర్థమైంది. చివరిదాకా విన్నాం, చప్పట్లు కూడా కొట్టాం.

మీ క్లబ్బుల్లో ఎలా ఉంది? తగ్గించిన వాళ్లు ఏం పోగొట్టుకున్నారు, తగ్గించని వాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? దయచేసి అనుభవం మీద చెప్పండి.

పాత కాపు

కార్యదర్శి గారూ, మీ బోర్డులో ఆ రెండో సగంలో నన్నూ కలుపుకోండి.

1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది, ఒక గనుల ఇంజనీరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక దర్జీ కలిసి ఒక ఆఫీసు గదిలో కూర్చున్నారు. వాళ్ల దగ్గర సేవా ప్రణాళిక లేదు, బడ్జెట్ లేదు, బ్యానర్ అసలే లేదు. అంత పెద్ద నగరంలో నమ్మకంగా మాట్లాడుకోవడానికి నలుగురు మనుషులు కావాలనిపించింది, అంతే. ఒకసారి ఒకరి ఆఫీసులో, మరోసారి మరొకరి ఆఫీసులో కలుసుకునేవారు. సేవ ఆ తర్వాత వచ్చింది. 1907లో వాళ్లు తలకెత్తుకున్న మొదటి ప్రజాపని ఏమిటో తెలుసా? నగరంలో పబ్లిక్ మరుగుదొడ్డి కట్టించడం. అటువంటి పని ఒక్క ప్రసంగంతో పుట్టదు. తరచూ కలిసే మనుషుల మధ్య ఎవరో ఒకరు మొహమాటం వదిలి నోరు విప్పితే పుడుతుంది.

లెక్క కూడా చూడండి. వారానికొకసారి కలిసే చోట ఒక సమావేశానికి రాకపోతే రెండు వారాల తర్వాత మళ్లీ కనిపిస్తారు. నెలకు రెండుసార్లే కలిసే చోట ఒక్కటి తప్పితే నెల గడిచిపోతుంది. రెండు తప్పితే పేరు మరచిపోతాం. మా రోజుల్లో ఊరు దాటినా హాజరు పోయేది కాదు. సమావేశం తప్పితే ముందో వెనకో పద్నాలుగు రోజుల్లోపు మరో క్లబ్బుకు, అది ఏ దేశంలో ఉన్నా సరే, వెళ్లి కూర్చుంటే మన క్లబ్బులో హాజరు పడేది. ఆ నియమం వల్ల నాకు పరిచయమైన వాళ్లలో కొందరు ఈ రోజుకీ ఫోను చేస్తారు. సడలింపులు ఇచ్చుకుంటూ పోయాం, ఇప్పుడు అసలుకే ఎసరు వచ్చింది.

సాయంత్రం షిఫ్టు

పాత కాపు గారికి నమస్కారాలతో, గట్టిగానే విభేదిస్తున్నాను.

ఆ నలుగురూ సొంత ఆఫీసులున్న వాళ్లు. తలుపు మూసుకుని వచ్చేయగలరు. నాకు సెలవు కావాలంటే పై అధికారిని అడగాలి. ఇంట్లో చిన్న పిల్లవాడు, పెద్దావిడ ఉన్నారు. వారం మధ్యలో గంటన్నర సమావేశమంటే ప్రయాణంతో కలిపి మూడు గంటలు. నేను కంటి శిబిరానికి రోజంతా నిలబడతాను, బడి పుస్తకాల పంపిణీకి వస్తాను, లెక్కలు రాస్తాను. కానీ హాజరు పట్టికలో నాది ఎప్పుడూ చివరి పేరు. ఒక పెద్దాయన నవ్వుతూనే "అమ్మాయి పనికి వస్తుంది గానీ క్లబ్బుకు రాదు" అన్నారు. ఆ మాట గురించి చాలా రోజులు ఆలోచించాను. పనికి రావడం క్లబ్బుకు రావడం కాకపోతే మరేది?

నాలుగు సమావేశాలు వరసగా రాకపోతే సభ్యత్వం తీసేయవచ్చన్న నియమం చూపించి భయపెట్టిన వాళ్లున్నారు. ఒక్క ప్రాజెక్టులోనూ కనిపించకుండా ప్రతి వారం ముందు వరుసలో కూర్చునేవారికి మాత్రం నూరు శాతం హాజరు బ్యాడ్జి.

పైగా లయన్స్ క్లబ్బులు చాలావరకు నెలకు రెండుసార్లే కలుస్తాయి. 1917 నుంచీ ఉన్నాయి, ప్రపంచమంతటా పదమూడు పద్నాలుగు లక్షల మంది సభ్యులు. నెలకు రెండుసార్లు కలిస్తే క్లబ్బు మూతపడేటట్టయితే ఎప్పుడో పడి ఉండాలి కదా.

వక్తల వేటలో

ఇక్కడ ఎవరూ నా గోడు పట్టించుకోవడం లేదు. నేను కార్యక్రమాల కమిటీ. అంటే వక్తలను పట్టుకొచ్చేవాడిని.

సెలవులూ పండుగలూ తీసేసినా ఏడాదికి నలభైకి పైగా ప్రసంగాలు. పేరున్నవారికి ఆరు నెలల ముందు రాయాలి. వాళ్లు వస్తామని చెప్పి ముందు రోజు రాత్రి రాలేమంటారు. పిలవగానే వచ్చేవారికి సాధారణంగా ఏదో ఒక అవసరం ఉంటుంది. బీమా ఆయన అలా వచ్చినవారే. ఖాళీ తేదీని చూసి భయపడిన వాడికి ఎవరు దొరికినా దేవుడే.

సమావేశం రోజు ఏం జరుగుతుందో చూడండి. వక్తకు ఇరవై నిమిషాలని మూడుసార్లు చెబుతాను. ఆయన జేబులోంచి పెన్ డ్రైవ్ తీస్తారు. అందులో అరవై స్లైడ్లు. మా ప్రొజెక్టరు ఆ ల్యాప్‌టాప్‌ను గుర్తించదు. కేబులు వెతుకుతుండగా అధ్యక్షుడు సమయం పూరించడానికి వచ్చే నెల కార్యక్రమాలు రెండోసారి చదువుతారు. తెర వెలిగేసరికి పది నిమిషాలు పోతాయి. వక్త మొదటి స్లైడు మీదే "మీ క్లబ్బు చేస్తున్న సేవ అపారం" అంటూ అయిదు నిమిషాలు గడుపుతారు. సార్జెంట్ ఎట్ ఆర్మ్స్, అంటే సమావేశంలో క్రమం చూసే సభ్యుడు, "అయిదు నిమిషాలు" అన్న అట్ట పైకెత్తుతారు. వక్త దాన్ని ప్రశంస అనుకుని తలూపుతారు. పద్నాలుగో స్లైడు నుంచి యాభై ఎనిమిదికి దూకుతారు. ఆయన చెప్పదలచుకున్న అసలు సంగతి ఆ మధ్యలో ఎక్కడో ఉండిపోతుంది.

నేను ఇప్పుడు స్లైడ్లు వద్దంటున్నాను. ఒక్క బొమ్మ, తప్పదంటే రెండు. తెర లేకపోతే చాలామంది బాగా మాట్లాడతారు. తమ పని తమకు నోటికి వచ్చు కదా.

ఇంకొక మార్గం మనమే మూలన పడేశాం. కొత్తగా చేరిన సభ్యుడు తన వృత్తి గురించి మాట్లాడే పాత పద్ధతి ఒకటి ఉంది. మా క్లబ్బులో లిఫ్టులు మరమ్మతు చేసే సంస్థ నడిపే ఆయన ఒకరున్నారు. ఎవరో రాలేమన్న రోజు ఆయన్ను లేపి మాట్లాడమన్నాను. లిఫ్టు తాడు తెగితే పడిపోతామని అందరం భయపడతాం. కానీ లిఫ్టుకు ఉండేది ఒక్క తాడు కాదని, పెట్టె వేగం హద్దు దాటితే పట్టాలను బిగించి పట్టుకునే ఏర్పాటు విడిగా ఉంటుందని, ప్రమాదాలు ఎక్కువగా తలుపుల దగ్గరే జరుగుతాయని చెప్పారు. ఎవరూ లేవలేదు. ప్రశ్నలు ఆగలేదు. ఏళ్ల తరబడి పక్క కుర్చీలో ఉన్న మనిషి ఏం చేస్తాడో మాలో చాలామందికి ఆ రోజే తెలిసింది.

కాబట్టి నా ఓటు వక్తలను తగ్గించడానికి. సమావేశాలను తగ్గించడానికి కాదు. ఈ రెండింటినీ ఒకే ప్రతిపాదనలో ఎందుకు కట్టేశారో నాకు అర్థం కాలేదు.

సింహం బ్యాడ్జి

మా లయన్స్ ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట. బయటి వక్తలను తగ్గించే ముందు ఒక ప్రసంగం సంగతి గుర్తు చేసుకోండి. 1925 జూన్ 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం సీడార్ పాయింట్‌లో జరిగిన మా అంతర్జాతీయ మహాసభలో, చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ మాట్లాడారు. అంధుల పక్షాన నిలబడండి, నివారించగల అంధత్వాన్ని నివారించండి అని అడిగారు. అప్పటికి లయన్స్ వయసు ఎనిమిదేళ్లు. నూరు రకాల పనులు చేస్తుండేవారు. ఆ రోజు నుంచి చూపు మా ప్రధాన కార్యక్రమమైంది. అయిదేళ్ల తర్వాత, 1930లో, అమెరికాలోని పియోరియా లయన్స్ క్లబ్బు అధ్యక్షుడు రోడ్డు దాటలేక తడబడుతున్న ఒక అంధుడిని చూశారు. ఆ చేతికర్ర వాహనాలు నడిపేవారి కంటపడాలంటే తెల్లరంగు వేయాలన్న ఆలోచన వచ్చింది. క్లబ్బు కర్రలకు రంగు వేయించి పంచింది. ఈ రోజు కంటి శిబిరాలు పెట్టే ప్రతి క్లబ్బూ ఎక్కడో ఒకచోట ఆ ప్రసంగానికి రుణపడి ఉంది.

ఒక అతిథి ఏం చేయగలరో చూశారు కదా. ఆ తలుపు మూసేస్తారా?

సాయంత్రం షిఫ్టు

ఆ ఉదాహరణ నా వాదానికే బలం. అది మహాసభ, ఏడాదికొకసారి. మీ హెలెన్ కెల్లర్ వారపు సమావేశానికి రాలేదు. వారానికొకరిని పిలవాలంటే మనకు వచ్చేది బీమా ఆయనే.

సింహం బ్యాడ్జి

ఎవరు ఏమవుతారో ముందుగా తెలిస్తే వాళ్లనే పిలిచేవాళ్లం. పదిమందిని వింటే ఒకరు తగులుతారు.

నియమావళి

పదిమందిలో తొమ్మిదిమంది కోసం సభ్యులు ఎందుకు కూర్చోవాలన్నదే ప్రశ్న. అది అలా ఉండగా, ఒక జాగ్రత్త. ఎన్నికల కాలంలో వక్తల కొరత ఉండదు, అభ్యర్థులే ఫోను చేస్తారు. రోటరీ ఏ పార్టీనీ, ఏ అభ్యర్థినీ బలపరచకూడదు. అందరినీ సమానంగా పిలిస్తే తప్పులేదని కొందరంటారు. నేనైతే ఎవరినీ పిలవద్దంటాను. ఇద్దరిని పిలిచి మూడోవారికి తేదీ దొరకలేదని చెప్పిన రోజున మీ మాట ఎవరూ నమ్మరు. సొంత వ్యాపారం అమ్ముకునే వక్తలకు కూడా ఇదే. ఆహ్వాన పత్రంలోనే ఒక వాక్యం రాయండి: విజిటింగ్ కార్డులు, కరపత్రాలు సమావేశ మందిరంలో పంచకూడదు. రావాలనుకున్న సగం మంది అక్కడే ఆగిపోతారు.

రక్తనిధి ఉద్యోగిని

నేను ఏ క్లబ్బులోనూ సభ్యురాలిని కాను. మీరంతా మాట్లాడుకుంటున్న అతిథి వక్తను నేను. పేరు అనవసరమైన ఒక సేవా క్లబ్బు నన్ను పిలిచింది, వెళ్లాను. అటువైపు నుంచి ఎలా ఉంటుందో కూడా వినండి.

ఆ క్లబ్బు ఏటా తమ వ్యవస్థాపక దినాన భారీ రక్తదాన శిబిరం పెడుతుంది. వాళ్ల ఉద్దేశం మంచిదే. నేను చెప్పడానికి వెళ్లింది ఒక్కటే విషయం. ఒకే రోజు వందల సంచులు వస్తే మాకు పండుగ కాదు, ఇబ్బంది. దానం చేసిన రక్తాన్ని భాగాలుగా వేరు చేస్తాం. ఎర్ర రక్తకణాలను చల్లగా ఉంచితే, కలిపే ద్రావణాన్ని బట్టి, 35 నుంచి 42 రోజులు నిలుస్తాయి. ప్లాస్మాను గడ్డకట్టిస్తే ఏడాది ఉంటుంది. ప్లేట్‌లెట్లు మాత్రం గది ఉష్ణోగ్రత దగ్గర, ఆపకుండా మెల్లగా కదుపుతూ ఉంచినా, మామూలుగా అయిదు రోజులే. ఆ అయిదు రోజుల్లో పరీక్షలు జరగాలి, రోగికి చేరాలి. శిబిరం జరిగిన వారంలో ప్లేట్‌లెట్లు పారబోస్తాం, రెండు నెలల తర్వాత అవే లేక రోగి బంధువులు ఫోన్లు పట్టుకుని పరుగెడతారు. ఆనాడు ఇచ్చినవారిని వెంటనే మళ్లీ పిలవలేం, దానానికీ దానానికీ మధ్య నెలల విరామం ఉండాలి. అంటే ఒకే రోజు అందరి చేతా ఇప్పించేస్తే, ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఆ దాతలంతా మాకు లేనట్టే.

కాబట్టి సభ్యులను నాలుగు గుంపులుగా చేసి, మూడు నెలలకొక గుంపును పంపమని అడిగాను. ఖర్చు లేదు, బ్యానర్ అక్కర్లేదు. శ్రద్ధగా విన్నారు. నా ప్రసంగం కళ్లు తెరిపించిందని ఒకాయన వందన సమర్పణలో అన్నారు. బరువైన జ్ఞాపిక ఇచ్చారు, ఫొటో తీశారు. మరుసటి ఏడు అదే తేదీన, అదే మైదానంలో, అంతకంటే పెద్ద శిబిరం. గత ఏడాది సంఖ్యను దాటామని గర్వంగా మాకు ఫోను చేసి చెప్పారు కూడా.

నాకు కోపం రాలేదు. ఆశ్చర్యం వేసింది. వినడానికి పిలిచినవాళ్లు విన్నదాన్ని ఎక్కడ పెడతారు? మా ఆఫీసులో ఎవరైనా ఏదైనా అడిగితే ఆ కాగితానికి ఒక నంబరు పడుతుంది, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఆ గదిలో నేను అడిగినదానికి నంబరు పడలేదు.

వక్తల వేటలో

అమ్మా, మీరు రాసింది చదివి మా మినిట్స్ పుస్తకం తీసి చూశాను. ప్రతి ప్రసంగానికీ ఒకటే వాక్యం ఉంది: "వక్త ప్రసంగం సభ్యులను ఎంతగానో ఆకట్టుకుంది." ఏం చెప్పారో, ఏం అడిగారో ఎక్కడా లేదు. బీమా ఆయన ప్రసంగం కూడా ఎంతగానో ఆకట్టుకుందని రాసి ఉంది.

పాత కాపు

రక్తనిధి ఉద్యోగిని గారు చెప్పింది బాధ కలిగించింది. కానీ దానికి మందు సమావేశాలను తగ్గించడమా? నాకు ఇది తిరగేసి కనిపిస్తోంది. ఆ క్లబ్బు ఆమె చెప్పింది విన్న వారం తర్వాత మళ్లీ కూర్చుని, "పోయిన వారం ఆవిడ అడిగిన దానికి ఏం చేద్దాం?" అని ఒక్కరు అని ఉంటే పని అయ్యేది. తడి ఆరకముందే మాట్లాడుకోవాలి. రెండు వారాల తర్వాత ఆ విషయం ఎవరికి గుర్తుంటుంది?

సింహం బ్యాడ్జి గారి ఉదాహరణలోనూ అసలు సంగతి అదే. హెలెన్ కెల్లర్ గొప్పగా మాట్లాడారనే కాదు, ఆవిడ ఒకటి అడిగారు, విన్నవాళ్లు పట్టుకున్నారు. అడగని వక్తను నేను కూడా వినదలచుకోలేదు. ఇంతవరకు కొత్తతరంతో ఏకీభవిస్తాను.

ఇంకొక విషయం ఎవరూ ఎత్తలేదు. వయసు, సభ్యత్వం కలిపి 85 ఏళ్లు లేదా అంతకు మించి ఉండి, అందులో సభ్యత్వం కనీసం ఇరవై ఏళ్లు ఉంటే, రాసి ఇచ్చి హాజరు నుంచి మినహాయింపు పొందవచ్చు. మా క్లబ్బులో ఆ మినహాయింపు తీసుకున్నవారే అందరికంటే ముందు వచ్చి కుర్చీలు సర్దుతారు. రావలసిన పని లేనివారు ఎందుకు వస్తున్నారు? కొందరికి వారంలో మరో గడప ఎక్కే పని ఉండదు. భార్య పోయినవారు, పిల్లలు దూరంగా ఉన్నవారు. ఒకరు రెండు వారాలు రాకపోతే మాలో ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి తలుపు తడతారు. అలా తట్టబట్టే ఒకాయన్ను సకాలంలో ఆసుపత్రికి చేర్చగలిగాం. ఇది ఏ ప్రాజెక్టు నివేదికలోనూ ఉండదు. నెలకు రెండుసార్లయితే ఆ తలుపు ఎప్పుడు తట్టేవాళ్లం?

సాయంత్రం షిఫ్టు

పాత కాపు గారూ, తలుపు తట్టిన మాట ముందు నా దగ్గర జవాబు లేదు. అది నిజమైన సేవ, నాకు దాని మీద గౌరవం ఉంది.

కానీ ఒకటి అడుగుతాను. మీకు కావలసింది వారం వారం మనుషులు కలవడం. దానికి గంట కొట్టడం, పరిచయ వాక్యాలు, ప్రసంగం, ఫొటో ఎందుకు? ఆ వారం ఎవరికి వీలైతే వాళ్లు గంట సేపు ఊరికే కూర్చోండి. హాజరు వేయకండి. నేను కూడా వస్తాను, పిల్లవాడిని వెంటబెట్టుకుని. అధికారిక సమావేశం మాత్రం నెలకు రెండే పెట్టండి, వాటిలో నిర్ణయాలు జరగనివ్వండి. రాలేనివారిని దోషులుగా చూడటం మానండి.

పాత రోజుల గురించి మరో మాట, చిన్నదే. ఆ పాత రోజుల్లో ఆ గదిలో నాకు కుర్చీ లేదు. మహిళలను చేర్చుకున్న డువార్టె రోటరీ క్లబ్బు కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ క్లబ్బు వైపు తీర్పు ఇచ్చింది 1987లో. రోటరీ నియమావళిలోంచి పురుషులకే అన్న మాట తొలగింది 1989లో. ఎనభై నాలుగేళ్లు నడిచిన సంప్రదాయం మారినా క్లబ్బు కూలిపోలేదు. సమావేశం వేళ మారితేనూ కూలిపోదు.

నియమావళి

ఆన్‌లైన్ సంగతి ఎవరూ అడగలేదు గానీ చెబుతాను. దూరంగా ఉన్న మంచి వక్తను తెర మీదకు తెచ్చుకోవచ్చు, సాయంత్రం షిఫ్టు గారు ఇంటి నుంచే చేరవచ్చు. కానీ సగం మంది గదిలో, సగం మంది తెర మీద ఉండే సమావేశం నడపడం అన్నిటికంటే కష్టం. గదిలో మైకు ఒక్కటే ఉంటే తెర మీద ఉన్నవారికి వక్త గొంతు తప్ప ఏమీ వినపడదు. ప్రశ్న ఎవరు అడిగారో, అందరూ ఎందుకు నవ్వారో తెలియదు. పెడితే పూర్తిగా ఆన్‌లైన్ పెట్టండి, లేదా పూర్తిగా గదిలో.

కొత్త కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. నేను అడిగింది సమావేశాల సంఖ్య గురించి. నాకు అర్థమైనంతవరకు మా ప్రతిపాదన రెండు జబ్బులకు ఒకే మాత్ర వేస్తోంది. వక్తల వేటలో గారు ముందే అన్నారు, వీటిని విడదీయమని. విడదీస్తాను.

వక్తల విషయంలో బోర్డు ముందు పెట్టదలచుకున్నది ఇది. ఆహ్వాన పత్రంలో ఒక ప్రశ్న ఉంటుంది: "మా క్లబ్బు నుంచి మీకు కావలసింది ఏమిటి?" జవాబు రానివారిని పిలవం. కావలసింది డబ్బే కానక్కర్లేదు, మనుషులు కావచ్చు, ఒక ఉత్తరం కావచ్చు, సభ్యుల్లో ఎవరో ఒకరి నైపుణ్యం కావచ్చు. పదిహేను నిమిషాల ప్రసంగం, పదిహేను నిమిషాల ప్రశ్నలు. పరిచయం మూడు వాక్యాలు. ఆ రోజే ఒక సభ్యుడి పేరు రాస్తాం. ఆయనో ఆమెనో వక్తకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. చేయలేమన్నదీ జవాబే. మినిట్స్‌లో "ఎంతగానో ఆకట్టుకుంది" అన్న మాట నిషేధం. వక్త అడిగింది రాస్తాం.

బయటి వక్త దొరకని వారాలు మా సభ్యులవే. లిఫ్టుల ఆయన లాంటివారు మా దగ్గరా ఉండే ఉంటారు, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

ఇక వారమా, పక్షమా అన్నది మిగిలింది. సాయంత్రం షిఫ్టు గారు చెప్పినట్టు రెండు అధికారిక సమావేశాలు, మిగతా వారాల్లో హాజరు లేని కలయిక పెట్టి చూడాలనుంది. ఆరు నెలల ప్రయోగం.

వక్తల వేటలో

జ్ఞాపికలు కూడా మానేయండి. వక్తల ఇళ్లలో వాటిని పెట్టడానికి చోటు ఉండదు, వాళ్లే చెప్పారు. ఒక్కటి మాత్రం గమనించండి. "మీకు కావలసింది ఏమిటి?" అని అడిగితే సాహిత్యం గురించి, ఖగోళం గురించి మాట్లాడేవారు ఏం రాస్తారు? వాళ్లకు మన నుంచి ఏమీ అక్కర్లేదు. గ్రహణం గురించి విన్న సాయంత్రం నాకు ఇంకా గుర్తుంది. దాంతో ఏ ప్రాజెక్టూ పుట్టలేదు, పుట్టకపోయినా నష్టం లేదు. నియమం రాసేటప్పుడు అటువంటివారికి ఒక కిటికీ వదలండి.

సింహం బ్యాడ్జి

దీనితో ఏకీభవిస్తున్నాను. అన్నీ పనికొచ్చేవే వినాలంటే అది కార్యాలయమవుతుంది.

రక్తనిధి ఉద్యోగిని

కార్యదర్శి గారూ, మీ ఆహ్వానంలోని ప్రశ్నకు నా జవాబు ఇప్పుడే రాస్తున్నాను, పిలిచినా పిలవకపోయినా. మీ సభ్యుల్లో రక్తం ఇవ్వగలిగిన వారి జాబితా కావాలి, బ్లడ్ గ్రూపుతో, చివరిసారి ఇచ్చిన తేదీతో. వారి అంగీకారం తీసుకునే ఇవ్వండి. ప్రసంగానికి రానక్కర్లేదంటే ఇంకా సంతోషం, ఆ సాయంత్రం నాకు డ్యూటీ ఉంటుంది.

పాత కాపు

ఆవిడ అడిగింది ముందు చేయండి. దానికి బోర్డు తీర్మానం కూడా అక్కర్లేదు.

ప్రయోగం మాత్రం బోర్డు ఒక్కటే చేసేయలేదు. సమావేశం రోజు, వేళ ఉపనియమాల్లో ఉంటాయి. రోటరీ సూచించిన ఉపనియమాల నమూనానే మీ క్లబ్బు పాటిస్తుంటే, సవరణకు ప్రతి సభ్యుడికీ 21 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, కోరం ఉండాలి, వేసిన ఓట్లలో మూడింట రెండు వంతులు రావాలి. కోరం అంటే మొత్తం సభ్యుల్లో మూడోవంతు. వారం వారం వచ్చేవాళ్లం మేమెలాగూ ఉంటాం, మా ఓటు వ్యతిరేకంగానే పడుతుంది. నెగ్గాలంటే సమావేశాలకు రాలేనివారంతా ఆ ఒక్క సమావేశానికి రావాలి.

సాయంత్రం షిఫ్టు

నోటీసు పంపండి. సెలవు పెడతాను.